రెండో ఆమోదం

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు. ఒక గిన్నె కింద పడలేదు, ఒక తలుపు విసురుగా మూసుకోలేదు. శామీర్‌పేటలో మా గల్లీవాళ్లను ఇప్పుడు అడిగినా దేవేందర్, భవాని మంచిగానే ఉండేవాళ్లని చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లకు వినబడింది అంతే.

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. దానికి ముందుభాగం ఒకటి ఉంటుంది. రాసినదాన్ని మొదట చదివేది అదే, ఇక్కడ తప్పుంది అని చెప్పేదీ అదే. ఏ ప్రోగ్రామింగ్ భాషకైనా అమర్చుకోగలిగే అటువంటి ముందుభాగాన్ని నేనూ నా భర్త దేవేందర్ కలిసి రాస్తుండేవాళ్లం. దానికి వాకిలి అని పేరు పెట్టుకున్నాం. పొట్ట గడవడానికి ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి, ఇంటి నుంచే. వాకిలి మాత్రం అందరిదీ. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్పు రాసి పంపవచ్చు. ముఖం తెలియనివాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఒక చెయ్యి వేసి పోయేవారు.

అటువంటి పనులన్నింటిలో ఉండే నియమమే మాకూ ఉండేది. రాసినవారు కాక మరొకరు చదివి ఆమోదిస్తేనే ఏ మార్పయినా లోపలికి పోతుంది. రాసినవారిది మొదటిది, ఈ రెండో ఆమోదం పడగానే మార్పు దానంతటదే చేరిపోతుంది. దీనికి తోడు మేమిద్దరం పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. వాకిలి గురించి నోటితో మాట్లాడుకోకూడదు. ఏ మార్పు ఎందుకు చేశామో రేపు వచ్చే కొత్తవాళ్లకు తెలియాలంటే మా వాదనంతా రాతలోనే ఉండాలి. అందుకని దేవేందర్ ముందుగదిలో కూర్చుని రాసేవాడు, నేను వెనకగదిలో కూర్చుని చదివి అతని రాత పక్కనే నా మాట రాసేదాన్ని. మధ్యలో ఒక గోడ.

ఈ ఏర్పాటు మా అత్తగారు సాలమ్మకు అసలు మింగుడు పడేది కాదు. ఆమె చెరువు కట్ట దగ్గర చేపలమ్మేది. అమ్మగా మిగిలినవి తెచ్చి, మా రెండు గదుల నడుమ ఉన్న నడవలో కత్తిపీట వేసుకుని పొలుసు తీసేది.

"ముంగట అర్రల వాడు, ఎన్క అర్రల నువ్వు. పిలిస్తే పలుకుతరు గద. గీ రాసుకునుడేందే?" అన్నది తొలి వానలు పడినప్పుడు ఒకనాడు.

"ముచ్చట గాదత్తమ్మా, పని."

"పని జేస్కుంట నవ్వుతరా ఎవలన్న? ఇందాక నువ్వు కిసుక్కున నవ్వినవ్. జరసేపటికి వాడు నవ్విండు. నడుమ నేను పిచ్చిదానోలె ఇటు సూసుడు, అటు సూసుడు."

నిజమే. ఎక్కడా కుదరని వివరాలను తాత్కాలికంగా దాచడానికి వాకిలిలో ఉన్న ఒక అరకు నేను 'పులుసు' అని పేరు పెట్టాను. 'ఇందులో ఏది వేసినా చెల్లుతుందనా?' అని దేవేందర్ రాశాడు. 'చెల్లుతుంది, ఇప్పటికి అందులో పడ్డవన్నీ నువ్వు వేసినవే' అని నేను రాశాను. నోటితో ఇంత చనువుగా మాట్లాడుకునేవాళ్లమా అని తరువాత ఆలోచించుకున్నాను. లేదు. అన్నం ముందు కూర్చుంటే మా మధ్య నడిచేవి నీళ్ల ట్యాంకరు సంగతి, కరెంటు సంగతి. మా కాపురమంతా ఆ పక్క రాతల్లోనే ఉండేది. వాటిని లోకంలో ఎవరైనా చదవవచ్చు. అయినా అక్కడ కాపురం ఉన్నదని ఎవరికీ కనబడదు.

వాకిలిలో నేను నా చేతులతో కట్టిన భాగం ఒకటి ఉండేది. మామూలుగా ఇటువంటివి మొదటి తప్పు దగ్గరే ఆగిపోతాయి. మాది ఆగదు. ఇక్కడ ఏముండవలసిందో ఊహించుకుని, అది ఉన్నదనే అనుకుని, ముందుకు చదువుతుంది. చివరిదాకా చదివి తప్పులన్నీ ఒక్కసారే చెబుతుంది. ఆ భాగాన్ని మేము 'తేరుకోవడం' అనేవాళ్లం. దాని కోసం నేను ఎన్ని దారులు తొక్కి వెనక్కి వచ్చానో దేవేందర్‌కు తెలుసు. నాకు తత్వగ్రంథాలు చదివే అలవాటుంది. ఎదుటివారి లోపాన్ని చూసి కూడా చదవడం మానకపోవడం కంటే పెద్ద మర్యాద మనుషుల మధ్య ఏముంటుందని, ఆ భాగం రాస్తున్నప్పుడు అనుకునేదాన్ని.

ఆషాఢంలో కీసరలో మా అమ్మ దుర్గాబాయికి కంటి ఆపరేషన్ జరిగింది. చూపు కుదురుకునేదాకా ఆమె దగ్గర ఉన్నాను. చుక్కల మందు వేయడం, వెలుతురు పడకుండా పరదా లాగడం, ఇదే పని. కంప్యూటరు తీసుకుపోలేదు. తిరిగి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా వాకిలి తెరిచాను. అందులో 'తేరుకోవడం' లేదు.

ఎక్కడి మనిషో, పేరు కూడా పూర్తిగా పెట్టనివాడు, ఒక మార్పు పంపాడు. ఈ భాగం బరువు, మొదటి తప్పు దగ్గరే ఆగిపోతే వాకిలి ఎంతో వేగంగా నడుస్తుంది అని లెక్కలు చూపించాడు. ఆ లెక్కలు సరైనవే. ఆ మార్పు నాలుగు రోజులు ఎవరూ ఆమోదించక అట్లాగే ఉంది. తరువాత దేవేందర్ ఆమోదించాడు. కింద 'బాగుంది' అని రాశాడు. రాసింది ఒకరు, ఒప్పుకున్నది మరొకరు. నియమం ప్రకారం నా ఆమోదం అక్కరలేదు.

రాత్రి అన్నం వడ్డించాను.

"అత్తకు కన్ను ఎట్లుంది?" అని అడిగాడు.

"మంచిగనే ఉంది. మసక పోయింది."

"బస్సుల సీటు దొరికిందా?"

"దొరికింది."

అతను కొంచెంసేపు ఎదురుచూసినట్టు కనబడింది. నేనూ ఎదురుచూశాను. సాలమ్మ మా ఇద్దరి ముఖాలు చూసి, "పులుసుల ఉప్పెక్కువైందా?" అన్నది. లేదని ఇద్దరం ఒకేసారి అన్నాం.

మరునాటి నుంచి దేవేందర్ రాసినవి నాకు వస్తూనే ఉన్నాయి. చదివాను. ఇంతకు ముందెన్నడూ చదవనంత శ్రద్ధగా చదివాను. కానీ పక్కన ఏమీ రాయలేదు. ఆమోదించి కింద 'బాగుంది' అని మాత్రం పెట్టాను. అతని మాటనే అతనికి తిరిగి ఇస్తున్నానని నాకు తెలుసు. ఇవ్వకుండా ఉండలేకపోయాను. గోడకు ఇవతలా అవతలా నవ్వు ఆగిపోయింది.

కొన్నాళ్లకు అతను చాయ్ పట్టుకుని వెనకగదిలోకి వచ్చాడు. నా బల్ల మీద గ్లాసు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"పక్కకు ఏం రాస్తలేవు."

"రాయడానికి ఏముంది? మంచిగనే రాస్తున్నవ్ గదా."

"గంత మంచిగ రాస్తున్ననా?"

"తప్పుంటే చెప్పనా?"

అతను నా ముఖంలోకి చూశాడు. మేము పెట్టుకున్న నియమాన్ని అతను మొదటిసారి దాటబోయాడని, నేను గుమ్మంలో నిలబెట్టినట్టు వెనక్కి పంపానని ఆ క్షణంలోనే గ్రహించాను. గ్రహించి కూడా చాయ్ తాగాను. అతను వెళ్లిపోయాడు.

శ్రావణంలో మా గల్లీవాళ్లు పోచమ్మకు బోనాలు చేసిన ఆదివారం పొద్దున దేవేందర్ దగ్గరనుంచి ఒక మార్పు వచ్చింది. బయట డప్పులు మొదలయ్యాయి. సాలమ్మ నడవలో కొత్త కుండకు సున్నం, పసుపు పూస్తూ, వేపమండల కోసం ఎవరినో కేకేస్తోంది. నేను తలస్నానం చేసి, జుట్టు ఆరేలోగా చూద్దామని తెరిచాను.

చాలా చిన్నది. ప్రోగ్రాములో తెరిచిన ప్రతి భాగానికీ చివర మూసే గుర్తు ఉండాలి, లేకపోతే వాకిలి తప్పని చెప్పాలి. ఆ సంగతి చూసే వరుస ఒక్కటి వాకిలిలోంచి తీసేసి ఉంది. నిన్న నేర్చుకోవడం మొదలుపెట్టినవారు కూడా పట్టుకోగల తప్పు. పొరపాటేమో అనుకున్నాను. కానీ వాకిలికి కాపలాగా మేము రాసిపెట్టిన పరీక్షలున్నాయి. మూయని ప్రోగ్రామును ఇచ్చి, వాకిలి తప్పు పడుతుందా లేదా అని చూసే పరీక్ష వాటిలో ఒకటి. పట్టకపోతే యంత్రమే ఆ మార్పును గడప దాటనివ్వదు. దేవేందర్ ఆ పరీక్షను కూడా మార్చాడు. తప్పు పట్టకపోవడమే సరైన జవాబని రాశాడు.

పొరపాటు చేసినవాడు పరీక్షను మార్చడు. ఇది పొరపాటు కాదు. ఇది నా కోసం పెట్టినది. నేను చదువుతున్నానో, చదవకుండానే ఒప్పుకుంటున్నానో తెలుసుకోవడానికి.

ఒక్క మాట రాస్తే సరిపోయేది. 'దొరికావు' అని రాస్తే గోడ అవతల అతను పెద్దగా నవ్వేవాడేమో. ఆ మాట రాశాను కూడా. చెరిపేశాను. నా తేరుకోవడాన్ని తీసేసేటప్పుడు నన్ను అడగవలసినది అడగలేదు. ఇప్పుడు, ఉన్నావా అని అడగవలసిన చోట, ఉన్నానో లేదో ఉచ్చు పెట్టి చూస్తున్నాడు. ఉన్నానని నిరూపించుకుంటేనే ఉన్నట్టా? ఇట్లా ఆలోచించాను. ఆలోచన సరిగానే ఉంది. సరిగా ఉన్న ఆలోచన మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో నాకు అప్పటికి తెలియదు.

"భవానీ! కుండల బువ్వ సల్లారుతాంది. దీపం ముట్టియ్యాలె, జల్దీ రా బిడ్డా!"

"వస్తున్నత్తమ్మా."

ఆమోదించాను. కింద 'బాగుంది' అని రాసి, లేచి వెళ్లి, సాలమ్మ తల మీదికి కుండ ఎత్తాను.

సాయంత్రం బోనం అన్నం పెరుగు కలిపి తింటున్నప్పుడు దేవేందర్ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏమన్న చెప్పేదుందా?"

"లేదు. నీకు?"

"లేదు."

నెల మొదటి తారీఖున వాకిలి కొత్త రూపం దానంతటదే లోకంలోకి పోతుంది. అప్పటికి ఇంకా కొన్ని రోజులున్నాయి. అతను ఏ పూటైనా ఆ వరుసను తిరిగి పెట్టవచ్చు. నేనూ పెట్టవచ్చు. అతను ఆ తప్పును తీస్తాడని నేను, నేను పట్టుకుంటానని అతను, గోడకు చెరోవైపు కూర్చున్నాం. పొద్దున లేవగానే వాకిలి తెరిచి చూసేదాన్ని. ఆ తప్పు అక్కడే ఉండేది. అతనూ లేవగానే అదే చూసేవాడని తరువాత తెలిసింది. ఒక వస్తువును ఇద్దరు ఇంత నిష్ఠగా, ఇంత కాలం, ఒకరికి తెలియకుండా ఒకరు చూసుకోవడం మా కాపురంలో అదే మొదలు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సాలమ్మ కత్తిపీట మీద రవ్వ చేపను పట్టుకుని, కోయకుండా కూర్చుంది.

"మీ మామ ఉన్నప్పుడు మా ఇంట్ల లొల్లి అయితే కట్ట మీది దాంక ఇనవడేది. ఆయన తిట్టుడు, నేను తిట్టుడు. తెల్లారి ఇద్దరం ఒక్క తెప్పెక్కి వల ఇసిరేటోళ్లం. మీ ఇంట్ల ఏం ఇనవడ్తలేదు బిడ్డా. గదే నాకు బుగులు, బయమైతాంది."

"లొల్లి లేదు గద అత్తమ్మా. మంచిదే గద."

"ఏమో. సప్పుడు లేని ఇంట్ల మనుషులున్నరో లేరో తలుపు దీసి సూడాలె."

ఒకటో తారీఖు వచ్చింది. తప్పు మా గడప దాటిపోయింది.

వినాయక చవితి పోయిన తరువాతి వారం ఫణిభూషణ్ వచ్చాడు. బహదూర్‌పల్లి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. దేవేందర్‌ను అన్నా అని, నన్ను వదినా అని పిలుస్తాడు. వాకిలిని తన ల్యాబులో పెట్టించడానికి పైవాళ్లతో ఎంతో వాదించిన మనిషి. మా పని ఒక తరగతి గదిలో పిల్లల చేతుల్లో నడుస్తున్నదంటే అతని వల్లనే. బైకు మీద తడిసి వచ్చాడు. రెయిన్‌కోటు విప్పి బయట తీగ మీద వేశాడు కానీ సరిగా కూర్చోలేదు. కుర్చీ అంచున ఆనాడు.

"ఏం గాలి దోలింది రా ఇటు?" అన్నాడు దేవేందర్.

"గాలి గాదన్నా, తుఫాన్. ప్రాక్టికల్స్ పెట్టినం. పోరగాండ్లు సగం సగం రాసి, మూయకుండ ఇడిసిపెట్టిన ప్రోగ్రాములన్ని మీ వాకిలి మంచిగున్నయని పాస్ జేసింది. పక్క సెక్షన్ సార్ పట్టిండు. పరీక్ష మొత్తం రద్దు. ప్రిన్సిపల్ అందరి ముంగట నన్ను నిలవెట్టి అడిగిండు, ఊకె వస్తాందని తెచ్చి పెట్టినవా అని."

సాలమ్మ నడవలోంచి తొంగి చూసింది.

"తప్పులైతయి. నాకెరుకనే," అన్నాడు ఫణిభూషణ్, మమ్మల్ని ఊరడిస్తున్నట్టు. "ఎట్లయిందో చెప్పుండ్రి. నేను పోయి గట్లనే చెప్పుకుంట. ఎవడో బయటోడు రాసిండా?"

"నేనే రాసిన," అన్నాడు దేవేందర్.

"నువ్వా? సరే, రాసినవ్ అనుకో. వదిన సూస్తది గదా. వదిన కండ్లు తప్పిచ్చుకోని చీమ గూడ పోదని చెప్పేటోనివి."

దేవేందర్ నా వైపు చూడలేదు. ఆ మార్పును నేను చూడలేదేమోనని, చదవడం మానేసి చాలా రోజులైందేమోనని అతను ఇంకా అనుకుంటున్నాడు. ఆ ఊహలో అతనికి కొంత ఓదార్పు ఉందని నాకు అర్థమైంది. ఊరుకుంటే అది అతనికి మిగిలేది.

"చూసిన," అన్నాను.

"చూసి?"

"చూసి ఒప్పుకున్న."

ఫణిభూషణ్ మొదట నవ్వాడు. "పరాచికమా వదినా? నేనే పరేషాన్ల ఉన్న." తరువాత మా ముఖాలు చూసి నవ్వు ఆపేశాడు.

దేవేందర్ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "నీకు కనవడ్డదా?"

"మొదటి చూపులనే. పరీక్ష మార్చింది గూడ."

"నేను... నువ్వు సదువుతనే లేవనుకున్న."

"ప్రతి అక్షరం చదివిన."

అతను బల్ల మీద పడి ఉన్న పెన్ను మూత తీసుకుని పెన్నుకు పెట్టాడు.

"మరి నేను కాలేజీల ఏం చెప్పాలె?" అన్నాడు ఫణిభూషణ్. అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "ఏ మార్పయినా ఇద్దరు సూసినంకనే లోపలికి వస్తది సార్ అని చెప్పి పెట్టిచ్చిన. గా ఒక్క మాట మీదనే పెట్టిచ్చిన అన్నా."

సాలమ్మ తెచ్చిన చాయ్ అతను ముట్టలేదు. తడి రెయిన్‌కోటును అట్లాగే చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఆ ల్యాబులోంచి వాకిలిని తీసేశారు.

అతను పోయిన తరువాత మేమిద్దరం ముందుగదిలోనే ఉండిపోయాం. ఒకే గదిలో, పగటిపూట, పని లేకుండా కూర్చుని ఎన్నాళ్లయిందో.

"నీ తేరుకోవడం తీసేసేటప్పుడు," అన్నాడు దేవేందర్, "నాలుగు రోజులు ఆపిన. నువ్వు సూస్తవు, అడ్డం పడతవు అనుకున్న. నాకు గూడ ఆ లెక్కలు నచ్చలే. నువ్వు కొట్లాడితే ఆపుతుంటి."

"నేను కీసరల ఉన్న. అమ్మ కంట్ల మందు వేసుకుంట."

"ఎరుకే."

"ఫోన్ చేస్తుంటివి."

"వాకిలి గురించి నోటితోని మాట్లాడొద్దని పెట్టుకున్నం గదా."

ఇద్దరిలో ఒకరం నవ్వవలసిన మాట అది. నవ్వలేదు. ఎవరు ఎవరిని మోసం చేశారో చూద్దామని ఆ రాత్రంతా మనసులో వెనక్కి వెనక్కి నడిచాను. ఎక్కడా మోసం కనబడలేదు. ప్రతి అడుగూ నియమం లోపలే ఉంది. దోషిని వెతికి పట్టుకోగలిగితే క్షమించడానికైనా ఒకరుండేవారు.

మరునాడు దేవేందర్ తీసేసిన వరుసను తిరిగి పెట్టి పంపాడు. చదివాను. పరీక్షలో జవాబు కూడా సరిచేశాడు. చాలా రోజుల తరువాత నేను పక్కన నాలుగు వాక్యాలు రాశాను. ఆ వరుస ఎందుకు అవసరమో, అది లేకపోతే ఏమవుతుందో, రేపు వచ్చే కొత్తవాళ్లకు అర్థమయ్యేలా. చివర 'పులుసులో ఈసారి ఉప్పు సరిపోయింది' అని రాశాను. ఆమోదించి, గోడవైపు చెవి పెట్టి కూర్చున్నాను. అవతల కీబోర్డు చప్పుడు కొంచెంసేపు ఆగింది. మళ్లీ మొదలైంది. నా మాట కింద ఏమీ రాలేదు.

బతుకమ్మ పేర్చే ముందర కీసరకు బయలుదేరాను. అమ్మ రెండో కంటికి ఆపరేషన్ అని గల్లీలో చెప్పాం. అది నిజమే. పెట్టె మాత్రం పెద్దది పెట్టాను. సాలమ్మ ఆ పెట్టెను చూసింది. నడవలో నా చెయ్యి పట్టుకున్నది. ఆమె చేతికి ఎప్పటిలాగే చేపల వాసన.

"తాగుతడా?"

"లేదత్తమ్మా."

"కొట్టిండా? ఎవల్తోనన్న తిరుగుతాండా?"

"లేదత్తమ్మా. ఏం లేదు."

"ఏం లేకనే పోతరా ఎవలన్న?"

ఆమె నా చెయ్యి వదలలేదు. నేనే మెల్లగా తీసుకున్నాను. దేవేందర్ పెట్టెను ఆటోలో పెట్టాడు, బరువు ఏ పక్కకూ ఒరగకుండా సర్దాడు. "చేరినంక ఫోన్ చెయ్," అన్నాడు. చేరిన తరువాత చేశాను. సీటు దొరికిందా అని అడిగాడు. దొరికిందన్నాను.

కీసరలో మా ఇంటి వెనక పొలమంతా ప్లాట్లుగా మారింది. హద్దురాళ్ల మధ్య గడ్డి మొలిచి ఉంది. ఒక మధ్యాహ్నం అమ్మ కంట్లో మందు వేసి, ఆమె కళ్లు మూసుకుని పడుకున్నాక కంప్యూటరు తెరిచాను. దేవేందర్ నుంచి ఒక మార్పు వచ్చి ఉంది.

ఒకే వరుస. ఇక మీదట వాకిలిలో ఏ మార్పుకైనా రాసినవారి ఒప్పుకోలు ఒక్కటే చాలు, మరొకరి ఆమోదం అక్కరలేదు అని. ఆ నియమం మారాలన్నా, పాత నియమం ప్రకారం, మరొకరు చదివి ఆమోదించాలి. ముఖం తెలియనివాళ్లు ఎందరో ఉన్నారు, ఎవరిని అడిగినా నిమిషంలో చేసేవారు. నాకే పంపాడు. ఎందుకో పక్కన రాయలేదు.

చదివాను. ఒక వరుసను ఎంతసేపు చదవవచ్చో అంతసేపు చదివాను. ఎక్కడైనా ఒక చిన్న తప్పు పెట్టాడేమోనని వెతికాను. పరీక్షలన్నీ తెరిచి, ఏ జవాబైనా మార్చాడేమోనని ఒక్కొక్కటే చూశాను. ఈసారి కనబడితే రాసేదాన్ని. మొదటి మాటగా 'దొరికావు' అని రాసేదాన్ని.

ఏ తప్పూ లేదు. ఆమోదించాను.